పక్కన పెట్టిన చీరలు

జావాస్క్రిప్ట్ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. చాలా ఏళ్ళుగా కంప్యూటర్ ఉద్యోగమే చేస్తున్నా, నా పనంతా సర్వర్ వైపు. ఎవరో ఏదో అడుగుతారు, దానికి జవాబు తయారుచేసి పంపుతాను, అక్కడితో నా బాధ్యత తీరిపోతుంది. ఆ జవాబు జనం ఫోన్లలో ఎక్కడ కనిపించాలి, ఏ బటన్ నొక్కితే ఏం కదలాలి అనేవి పక్క సీట్లో వాళ్ళ తలనొప్పులు. వంట నాది, వడ్డన వాళ్ళది. ఆ ఏర్పాటు నాకు హాయిగా ఉండేది. మా వదిన వచ్చి దాన్ని కాస్తా చెడగొట్టింది.

మా అన్నయ్యావాళ్ళు ఉండేది మంగళగిరిలో. ఇంటి ముందుగదిలో గుంట మగ్గం ఉంది. నేల తవ్వి చేసిన గుంటలో కూర్చుని అన్నయ్య నేస్తాడు. వదిన కండెలకి నూలు చుడుతుంది, రంగులు చెబుతుంది. చాలాకాలం వాళ్ళు ఒక మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేశారు. నూలు ఆయనది, రంగులు ఆయనవి, తయారైన చీరలూ ఆయనవే. వదినకేమో రంగుల పిచ్చి. ఆవపూవు రంగు చీరకి వంకాయ రంగు అంచు వేస్తే ఎలా ఉంటుందో, పండుమిరప ఎరుపు పక్కన ఎంత పచ్చ పట్టాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియడం నేను చూడలేదు. అలాంటి మనిషి ఏళ్ళతరబడి ఆయనగారు చెప్పిన రంగులే చుట్టింది. చివరికి ఒకరోజు ఆయనతో మాటామాటా అనుకుని బయటికొచ్చేసింది. ఇకమీదట సొంత నూలు, సొంత రంగులు, సొంత అమ్మకం అంది.

అమ్మకం దగ్గరే వచ్చింది చిక్కు. వరండాలో చాప పరిచి చూపిస్తే వచ్చినవాళ్ళు కొనకుండా వెళ్ళరు, కానీ వచ్చేవాళ్ళేరీ? సందు చివర ఇల్లు, బోర్డు కూడా లేదు. ఈలోగా తుళ్ళూరు వైపు రాజధాని పనుల్లో స్టోర్ కీపర్‌గా రమ్మని అన్నయ్య స్నేహితుడు ఒకటే పోరు. అన్నయ్య గొడవపడే మనిషి కాదు. దసరా దాకా చూస్తానన్నాడు. అప్పటికీ చీరలు కదలకపోతే ఆ ఉద్యోగానికి పోతాననీ, మగ్గం పీకించి గుంట పూడ్పించి టైల్స్ వేయిస్తాననీ మెల్లగానే చెప్పాడు. ఆ మెల్లగా చెప్పడానికే వదిన భయపడింది. మర్నాడే గుంటూరులో మా ఇంటికొచ్చి కూర్చుంది. నువ్వు చేసే కంప్యూటర్ పని ఇన్నాళ్ళూ ఎవరెవరికో చేశావు, ఇప్పుడు నాకు చెయ్యి అంది.

వెబ్‌సైట్ ఒకటి పెట్టడం బ్రహ్మవిద్యా అనుకున్నాను. వదిన కోరికలు వినేదాకా.

సైటు అచ్చం చాప మీద బేరంలా ఉండాలిట. చాప మీద ఏం జరుగుతుందంటే, మొదట ఒక మూట విప్పి కొన్ని చీరలు పరుస్తారు. వచ్చినావిడ చూసి, నచ్చినదాన్ని "ఇది పక్కన పెట్టండి" అంటుంది. కొంటానని కాదు, వద్దనీ కాదు. తర్వాత లోపల్నించి ఇంకో మూట వస్తుంది. పాతవి మడతపెట్టేయరు, పక్కన పెట్టినవాటి జోలికి అసలే పోరు. అలా పోగు పెరుగుతుంది. అన్నీ అయ్యాక ఆవిడ ఆ పోగులోంచి ఏరుకుంటుంది. ఆ పోగు మీద చెయ్యి వేసిన దుకాణదారుడు బాగుపడడు అని వదిన సిద్ధాంతం. అందుకని 'కార్ట్' అనే మాట నా సైటులో ఉండకూడదంది. ప్రతి చీర కింద ఒక టిక్కు గడి ఉండాలి, దాని పక్కన 'పక్కన పెట్టు' అని రాసి ఉండాలి. అడుగున 'ఇంకా చూపించండి' అని బటన్. అన్నీ చూశాకే 'పంపు' బటన్ కనిపించాలి, అది నొక్కితే పక్కన పెట్టినవాటి వివరాలు వదిన ఫోనుకి రావాలి.

వరస కూడా ఆవిడే చెప్పింది. ఎరుపులు, ఆవపూవులు, వంకాయలు, నెమలికంఠాలు ముందు మూటల్లో రావాలి. గంధం, మీగడ లాంటి లేతరంగులు ఆఖరి మూటలో. ముందు కారం తగలాలి, చివర్న మజ్జిగ పోయాలి అంది. ఆవిడ చాప మీద చూపించే పద్ధతీ అదేలెండి.

సరే, మొదలుపెట్టాను. నాకు తెలిసింది సర్వర్ కాబట్టి పని అక్కడే ఎక్కువ పెట్టుకున్నాను. 'ఇంకా చూపించండి' నొక్కగానే సర్వర్‌కి కబురు వెళుతుంది. సర్వర్ తర్వాతి మూటలోని చీరల బొమ్మలు, వివరాలు, టిక్కు గడులు అన్నీ కలిపి తయారుగా ఉన్న హెచ్‌టీఎంఎల్ ముక్కని పంపుతుంది. జావాస్క్రిప్ట్ చెయ్యాల్సిందల్లా ఆ ముక్కని అందుకుని పేజీలో అతికించడం. చేతికందించినదాన్ని అతికించడానికి ఎంత బుర్ర కావాలి చెప్పండి?

తల ప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి సర్వర్ ముక్కకి బదులు మొత్తం పేజీని పంపింది. చీరల మధ్యలో మళ్ళీ పైనుంచి మొదలై, పేజీలో ఇంకో పేజీ, దాంట్లో మళ్ళీ ఇంకోటి. మన కొట్టు ఇన్ని ఊళ్ళలో ఎప్పుడు తెరిచావే అని వదిన నవ్వింది. అది సరిచేస్తే, కొత్త ముక్కలోని బటన్లు ఎంత నొక్కినా ఉలకవు పలకవు. పేజీ తెరుచుకున్నప్పుడు ఉన్నవాటికే నేను పని నేర్పాను, తర్వాత వచ్చినవాటికి ఎవరు నేర్పుతారు? అదీ చూశాను. ఆ తర్వాత కొత్త ముక్క పాతవాటిని తుడిచేసి వాటి చోట్లో కూర్చోవడం మొదలెట్టింది. పాత చీరలు మడతపెట్టేస్తే ఎట్టాగే అని వదిన ఫోనులో కేకలు. ఆఫీసు పని మీద ఆఫీసు పని, దాని మీద ఇది, గోరుచుట్టు మీద రోకటిపోటు. విసుగెత్తి, పాతదానికి కొత్తది కలుపు అని ఒక్క ముక్కలో రాసేశాను. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ప్లస్ ఈక్వల్. పాతవి ఉన్నాయి, కొత్తవి కిందకొచ్చి చేరాయి. హమ్మయ్య అనుకుని చేతులు దులుపుకున్నాను.

సైటు పెట్టాక జనం బాగానే చూశారు. వదిన చుట్టాలు, వాళ్ళ చుట్టాలు, ఆ నోటా ఈ నోటా విన్నవాళ్ళు. ఒంగోలు నుంచి, చీరాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో వదిన ఫోనుకి పోగులు రావడం మొదలైంది. వచ్చిన ప్రతి పోగులోనూ లేతరంగులే. గంధం రంగు ఒకటి, మీగడ రంగు రెండు. ఇంకోళ్ళు పంపితే మళ్ళీ గంధమే. ఆవపూవు రంగుని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పండుమిరప ఎరుపు ఊసే లేదు.

వదిన మొదట నమ్మలేదు. చాప మీద ఎరుపుకి చెయ్యి చాచని ఆడమనిషి ఇంతవరకూ తనకి కనిపించలేదంది. వాళ్ళకి ఫోన్ చేసి అడగనా అంది. వద్దన్నాను. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఫోన్ చేస్తే బెదిరిపోతారు వదినా, కాలం మారింది, రంగుల సరదా మారింది, కళ్ళముందు లెక్క కనిపిస్తుంటే ఇంకా అనుమానమేంటి అని పెద్ద తెలిసినదానిలా చెప్పాను. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది నా తెలివి.

అప్పట్నుంచీ వదిన అన్నయ్య చేత లేతరంగులు నేయించింది. గంధం మీద గంధం, మీగడ మీద మీగడ. నేసినవి నేను సైటులో ఎక్కించాను. పోగుల్లో వాటినే అడిగినవాళ్ళు తీరా వివరాలు పంపితే ఆలోచించి చెబుతామనేవాళ్ళు, ఆ తర్వాత మాటాపలుకూ ఉండేది కాదు. చాప దగ్గరికొచ్చినవాళ్ళు ఈ దుమ్ములో ఇంత తెల్లటి చీర ఎక్కడ కట్టుకుంటామమ్మా అని లేచిపోయేవాళ్ళు. బీరువా నిండింది. దసరా వచ్చింది, వెళ్ళింది. అన్నయ్య అన్న మాట ప్రకారమే తుళ్ళూరు బస్సెక్కాడు. మగ్గం మీద సగం నేసిన మీగడ రంగు చీర అలాగే ఉండిపోయింది. టైల్స్ మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకుని నెలాఖరుకి వస్తానన్నాడు.

ఉద్యోగం పోయినా మనుషులు వదినలా అయిపోరు. వదిన రంగుల గురించి మాట్లాడటం మానేసింది. పక్కింట్లో పెళ్ళికి చీరలు తీద్దాం రమ్మని పిలిస్తే, నా కంట్లో పస అయిపోయిందమ్మా, ఇంకెవరినైనా తీసుకెళ్ళండి అని పంపేసిందట. అది విన్నప్పుడు నాకు జనం మీద కోపమొచ్చింది. కళ్ళు దొబ్బిన జనం, ఎరుపంటే తెలియని జనం అని తిట్టుకున్నాను కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అన్నయ్యకి ఆదివారమూ డ్యూటీ. గుమ్మంలో కారాగి ఒకావిడ దిగింది. ఒంగోలు నుంచి అమరావతి గుడికి వచ్చి తిరిగి వెళుతున్నారట, సైటులో చీరలు చూస్తుంటాను, ఎదురుగా చూద్దామని వచ్చాను అంది. వదిన చాప పరిచి, అలవాటైపోయిన లేతరంగులు రెండు తీసింది. ఆవిడ వాటివైపు చూడనైనా లేదు.

"ఇవి కాదండీ. ఆవపూవు రంగుకి వంకాయ అంచు ఉంటదే, అది. నేను పక్కన పెట్టినప్పుడల్లా మీరు వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారు" అంది ఆవిడ, నిష్ఠూరంగానే.

వదిన నావైపు చూసింది. ఆ చీర ఎవరికీ ఇవ్వలేదండీ, బీరువాలోనే ఉంది అంది. ఆవిడ నమ్మలేదు. ఒక్కో చీర ఒక్కటే ఉంటుందని తనకి తెలుసట. పక్కన పెట్టి, ఇంకో మూట చూసి వెనక్కి వచ్చేసరికి టిక్కు ఎగిరిపోయి ఉంటుందట. చీరల కొట్లలో మనం అటు తిరిగితే మన పోగులోంచి పక్కావిడ లాక్కోదూ, అలా ఎవరో ముందు కొట్టేశారని అనుకునేదట. అదే వేళకి వాళ్ళ తోడికోడలు కూడా సైటు చూస్తూ ఉండేది. ఆవిడే కొట్టేస్తోందని ఈవిడ, ఈవిడే కొట్టేస్తోందని ఆవిడ. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఎందుకొచ్చిన గొడవలెమ్మని మిగిలిన లేతరంగులే పంపేవాళ్ళట.

"కావాలంటే చూడండి" అని ఫోన్ తీసింది. ఆవపూవు రంగు కింద టిక్కు పెట్టింది. పండుమిరప ఎరుపుకి పెట్టింది. 'ఇంకా చూపించండి' నొక్కింది. తెర ఒక్కసారి రెప్ప కొట్టినట్టయింది. కొత్త చీరలు కిందకొచ్చాయి. పైకి జరిపింది. రెండు టిక్కులూ లేవు. "చూశారా, ఇప్పుడే మళ్ళీ ఎవరో తీసేసుకున్నారు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరి మీదని చెప్పను? ఆ తెర రెప్ప కొట్టడం సైటు పెట్టిన కొత్తలోనే వదిన చూసి అడిగితే, నెట్ స్లోగా ఉంది వదినా అనేశాను. నేను పరీక్షించినప్పుడు అన్ని మూటలూ విప్పుకుని ఆ తర్వాత టిక్కులు పెట్టి చూసుకున్నాను. ప్రపంచంలో ఏ ఆడది చీరలు అలా చూస్తుంది? ఒకటి నచ్చగానే పక్కన పెడుతుంది, ఆ తర్వాతే ఇంకోటి చూస్తుంది.

అక్కడే లాప్‌టాప్ తెరిచాను. ఆ ప్లస్ ఈక్వల్ చేసే పని ఏమిటంటే, పాతదాని చివర కొత్తది చేర్చడం కాదు. పేజీలో ఉన్నదంతా అక్షరాలుగా రాసుకుంటుంది, దాని వెనక కొత్త ముక్క రాస్తుంది, ఉన్నదంతా పీకి పారేసి ఆ రాతని బట్టి మొత్తం మళ్ళీ కడుతుంది. ఇల్లు పీకి పందిరేసినట్టు. రాతలో చీరలుంటాయి, గడులుంటాయి. మనిషి వేలితో పెట్టిన టిక్కు మాత్రం రాతలో ఉండదు. కాబట్టి ప్రతి మూటకీ అంతకుముందు పక్కన పెట్టినవన్నీ ఎగిరిపోతాయి. ఆఖరి మూటలో పెట్టిన టిక్కులే మిగులుతాయి. మా ఆఖరి మూటలో ఉన్నది మజ్జిగ. పాతవాటిని కదపకుండా చివరన మాత్రమే చేర్చే పద్ధతి వేరే ఉంది, ఇన్సర్ట్ అడ్జసెంట్ అని. ఒక్క వాక్యం మార్చాను, అంతే. ఒంగోలావిడ కాఫీ తాగడం పూర్తవకముందే అయిపోయింది. అంత చిన్న పని కావడమే నన్ను ఇంకా మండించింది. పెద్ద తప్పయితే కనీసం దాని ముందు కూర్చుని ఏడవొచ్చు.

వదిన బీరువా అడుగునుంచి రంగుల చీరలన్నీ తీసింది. ఆవిడ ఆవపూవు రంగుది తీసుకుంది, తోడికోడలికి ఎరుపుది తీసుకుంది. దాంతోనే రాజీ చేసుకుంటాలెండి అని నవ్వుకుంటూ వెళ్ళింది. కారు సందు దాటేదాకా వదిన గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అంటే వాళ్ళందరూ నా రంగులే పక్కన పెట్టారా?"

అవునన్నాను. ఎవరెవరు ఏవేవి పెట్టారో ఇప్పుడు తెలియదనీ, ఆ టిక్కులు సర్వర్ దాకా రానేలేదనీ, తెలుసుకునే దారి లేదనీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఇన్నాళ్ళూ నా కళ్ళే పాడైపోయాయనుకున్నాగదే" అంది. "మీ అన్నయ్య రెండుసార్లు అడిగాడు, ఒక్క ఎరుపు నేద్దామా అని. నేనే వద్దన్నా."

 క్షమించమంటే సరిపోయే సంగతి కాదు. తిట్టు వదినా, నాలుగు తిట్టు అన్నాను. తిట్టలేదు. లేచి ముందుగదిలోకి వెళ్ళి, మగ్గం మీద కప్పిన దుప్పటి తీసి, గుంటలోకి దిగింది. పుట్టింట్లో ఉండగా నేసిన మనిషే, పెళ్ళయ్యాక కండెలకే పరిమితమైంది. కూర్చుని కాళ్ళు చాచింది. తొక్కే చెక్కలు అందలేదు. ఆ మగ్గం అన్నయ్య పొడవుకి కట్టింది. గుంట అంచు మీదికి జరిగి చూసింది, ఒక కాలి బొటనవేలు మాత్రం తగిలింది. అలాగే వేలితో తొక్కుతూ అడ్డపోగు మోసే నాడెని ఒకసారి ఇటు, ఒకసారి అటు విసిరింది. పోగు వదులుగా పడింది. ఊడదీసి మళ్ళీ విసిరింది. నేను చూడలేక పోయి వంటింట్లో నిలబడ్డాను.

అన్నయ్య చీకటి పడేముందు వచ్చాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, చేతిలో హెల్మెట్టు. గుంటలో వదినని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జరిగింది మొత్తం నేనే చెప్పాను. ప్లస్ ఈక్వల్ దగ్గర ఆయనకేమీ అర్థమై ఉండదు, కానీ ఒంగోలావిడ మాట దగ్గర తలెత్తి వదినని చూశాడు.  గోడకి ఆనుకుని నేలవైపు చూస్తూ అన్నాడు.

"నేను మాత్రం ఆ పని మాననే. నెల తిరిగేసరికి జీతం వస్తంది. మళ్ళీ చీర అమ్ముడుపోద్దా లేదా అని రోజూ లేవడం నా వల్ల కాదు."

 ఇంత చేసి ఫలితం ఇదా అనుకున్నాను. వదిన నాడె ఒళ్ళో పెట్టుకుంది.

"మిమ్మల్ని మానమని ఎవరన్నారు? మీరు వెళ్ళండి. మేస్త్రీని మాత్రం రావద్దని చెప్పండి. నేను నేస్తా."

అన్నయ్య హెల్మెట్టు కిటికీలో పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి, వదినని కాస్త పక్కకి జరగమని తనూ గుంటలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొక్కే చెక్కల్ని మగ్గానికి కట్టిన తాళ్ళ ముళ్ళు విప్పబోయాడు. ఆ ముళ్ళు ఏనాటివో, బిగుసుకుపోయి ఊడిరాలేదు. గోళ్ళతో పీకాడు, పళ్ళతో లాగాడు. చివరికి నన్ను కత్తి తెమ్మన్నాడు. వదిన వద్దంటుందేమోనని చూశాను, అనలేదు. తెచ్చిచ్చాను. అన్నయ్య తన పొడవుకి కట్టుకున్న తాళ్ళు తనే కోసేశాడు. ఒక చేత్తో వదిన పాదం పట్టుకుని చెక్క మీద ఆనించి, ఆ ఎత్తుకి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఆ ఎత్తులో ఇక ఆయన కాళ్ళు పట్టవు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"ఇంకో బెత్తెడు పైకి కట్టండి" అంది వదిన.

ఆయన తల వంచుకుని, ఇంకో బెత్తెడు పైకి కట్టాడు.